బెంగళూరులో వంద సీసీ బండి: పికప్ ఎక్కడ పోతోందో ఎలా పట్టుకోవాలి, ఏం మార్చుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు

స్ప్లెండర్ లాంటి వంద సీసీ బండిలో ఇంజిన్ ఇచ్చే శక్తి సుమారు 8 హార్స్‌పవర్. నూటపాతిక బండి అయితే ఇంకో రెండు, మూడు ఎక్కువ ఉంటాయి. పెద్ద బండిలో అర హార్స్‌పవర్ ఎక్కడో రాపిడికి పోయినా నడిపేవాడికి తెలియదు. మన బండిలో అది మొత్తం శక్తిలో పదహారో వంతు. వెనక మనిషిని ఎక్కించుకుని హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కితే ఆ లోటు వెంటనే తెలుస్తుంది.

బెంగళూరు ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి నెల్లూరు, విజయవాడల్లో కంటే దాదాపు పదో వంతు పలుచన. గాలి తగ్గితే శక్తి కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. రైల్లో పార్సిల్ వేసి ఊరి నుంచి తెప్పించుకున్న బండి ఇక్కడికి రాగానే నీరసపడిందని చాలామంది టెన్షన్ పడతారు. అందులో కొంత భాగం ఈ ఎత్తు వల్లే. దాన్ని ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. మిగతాది మాత్రం మీ చేతిలోనే ఉంది. అందుకే సైలెన్సర్ మార్చుదామా, ఫిల్టర్ మార్చుదామా అని ఆలోచించే ముందు, ఇంజిన్ ఇస్తున్న శక్తి రోడ్డు మీదకి చేరేలోపు ఎక్కడ కారిపోతోందో వెతకండి. కింద చెప్పిన వరుసలోనే వెతకండి. ఖర్చు లేనివి ముందు పెట్టాను, ఖర్చయ్యేవి చివర్లో ఉన్నాయి.

ఆదివారం పొద్దున్న చేసే పని

బండిని సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో పెట్టండి. వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదలండి. అది కొన్ని చుట్లు తిరిగి మెల్లగా ఆగాలి. ఒక చుట్టుకే ఆగిపోయినా, గర్రుమని శబ్దం వచ్చినా బ్రేక్ పట్టేస్తోందని అర్థం. డ్రమ్ బ్రేక్ అయితే పెడల్‌ని 20 నుంచి 30 మిల్లీమీటర్లు తొక్కాకే బ్రేక్ పట్టుకోవడం మొదలవ్వాలి. అంత ఆట లేకపోతే రాడ్ చివర ఉన్న నట్‌ని కొంచెం వదులు చేయండి. వదులు చేసినా చక్రం తేలిగ్గా తిరగకపోతే డ్రమ్ విప్పించి, బ్రేక్ షూల మధ్య ఉండే క్యామ్‌ని శుభ్రం చేయించి, పల్చగా గ్రీజు పెట్టించాలి. వానాకాలం దాటిన బండ్లలో ఆ క్యామ్ తుప్పుతో బిగుసుకుపోవడం మామూలే. ముందు చక్రం కూడా ఇలాగే చూడండి.

తర్వాత టైర్ల గాలి. స్ప్లెండర్‌కి ముందు 25, వెనక ఒక్కరికైతే 28, ఇద్దరికైతే 41 పీఎస్‌ఐ. మీ బండి లెక్క చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్ మీదో స్టిక్కర్‌లో ఉంటుంది. పెట్రోల్ బంకులో కుర్రాడు అన్ని బండ్లకీ ఒకే లెక్కన కొట్టేస్తాడు కాబట్టి నంబర్ మీరే చెప్పండి. బండి చాలా దూరం నడిచి టైరు వేడిగా ఉన్నప్పుడు రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. ఇంటికి దగ్గర్లో ఉన్న బంకులో పొద్దున్నే పట్టించుకోవడం మేలు.

ఇక చైన్. చిన్న బండి కథ సగం ఇక్కడే ఉంది కాబట్టి దీనికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వండి. రెండు స్ప్రాకెట్లకి (చైన్ తిరిగే పళ్ళ చక్రాలకి) మధ్యలో చైన్‌ని వేలితో పైకి, కిందకి కదిపితే మొత్తం కదలిక 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక్క చోట చూసి వదిలేయకండి. చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, ఎందుకంటే పాత చైన్ ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుతుగా ఉంటుంది. అలా ఉన్న చైన్‌ని బిగుతైన చోటు చూసి సర్దాలి. బిగువు ఎక్కువైతే గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీద భారం పడుతుంది, పికప్ కూడా తగ్గుతుంది. సర్దేటప్పుడు రెండు వైపులా స్వింగ్‌ఆర్మ్ మీద ఉన్న గీతలు సమానంగా ఉండేలా చూసుకోండి. ఒక గీత తేడా వచ్చినా చక్రం వంకరగా కూర్చుంటుంది, స్ప్రాకెట్ ఒక పక్కే అరుగుతుంది. ఈ పని అయ్యాక వెనక బ్రేక్ ఆట మళ్ళీ చూడాలి, చక్రం జరిగితే అది కూడా మారిపోతుంది.

చైన్ కడగడానికి కిరోసిన్ లేదా డీజిల్, ఒక మెత్తటి బ్రష్ చాలు. ఆరాక 90 గ్రేడ్ గేర్ ఆయిల్ లోపలి వైపు నుంచి చుక్కలుగా వేసి, పైన కనపడే జిడ్డు తుడిచేయండి. ఇదంతా ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూనే చేయాలి. పని తొందరగా అవుతుందని బండి స్టార్ట్ చేసి గేర్లో పెట్టి గుడ్డతో చైన్ పట్టుకున్నవాళ్ళ వేళ్ళు స్ప్రాకెట్ మధ్యకి వెళ్ళిపోయిన సంఘటనలు ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా ఒక పక్కకి వంగి ఉంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్‌గానే మార్చండి. పాత పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే ఆ చైన్ కూడా తొందరగా పాడవుతుంది.

క్లచ్. సిల్క్ బోర్డ్ నుంచి మారతహళ్ళి దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ హాఫ్ క్లచ్‌లో పాకే బండికి ముందుగా అరిగేది క్లచ్ ప్లేట్లే. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఆట లేకపోతే మీరు చెయ్యి తీసేసినా క్లచ్ పూర్తిగా పట్టదు. పరీక్ష తేలిక: ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్లో మెల్లగా వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పండి. ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ప్లేట్లు మార్పించే ముందు ఇంజిన్ ఆయిల్ డబ్బా ఏమిటో గుర్తు చేసుకోండి. ఈ బండ్లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు కాబట్టి అది పోస్తే ప్లేట్లు మంచివైనా జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) లేదా ఎంఏ2 (MA2) అని, అంటే ఇలాంటి క్లచ్‌కి పనికొస్తుందని, రాసి ఉందో లేదో చూడండి. ఎక్కువ శాతం వంద సీసీ బండ్లకి 10డబ్ల్యూ-30 గ్రేడ్ ఆయిల్ సరిపోతుంది. లెవెల్ చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండాలి. స్ప్లెండర్ లాంటి బండ్లలో డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తుడిచి, మరలు బిగించకుండా ఊరికే లోపలికి దించి చూడాలి.

పైన చెప్పిన నాలుగు పనులకీ పానా సెట్, గాలి, కాస్త ఆయిల్ తప్ప ఏమీ అక్కర్లేదు. ఇవి చేశాక బండి నడిపి చూడండి. చాలా బండ్లకి పోయిన పికప్ ఇక్కడే తిరిగొస్తుంది.

ఫిల్టర్, ప్లగ్, ట్యూనింగ్

మెట్రో పనులు, కొత్త అపార్ట్‌మెంట్లు కట్టే వైపు తిరిగే బండి ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగదు. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు రోజూ వెళ్ళేవాళ్ళు గడువుకి ముందే విప్పి చూడండి. ఫోమ్ ఫిల్టర్ అయితే కడిగి, ఆరబెట్టి, ఆయిల్ రాసి పిండి పెట్టుకోవచ్చు. జిడ్డుగా ఉండే పేపర్ ఫిల్టర్‌ని మాత్రం కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే.

ప్లగ్ రంగు చూస్తే లోపల మంట ఎలా ఉందో తెలుస్తుంది. కొస లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కుతోంది, దాన్ని ఆలస్యం చేయకూడదు. ప్లగ్ కొసల మధ్య గ్యాప్ బండిని బట్టి సాధారణంగా 0.7 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

కోస్తా నుంచి వచ్చిన కార్బరేటర్ బండికి ఇక్కడ పలుచటి గాలి వల్ల పెట్రోల్, గాలి మిశ్రమం కొంచెం చిక్కబడుతుంది, అంటే పెట్రోల్ పాలు పెరుగుతుంది. ప్లగ్ నల్లబడి మైలేజీ తగ్గుతుంది. 900 మీటర్లకి జెట్ (కార్బరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) మార్చే పని లేదు, స్క్రూ సర్దితే చాలు. బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. ఐడ్లింగ్ స్క్రూతో ఇంజిన్ ఆగకుండా ఉండేలా పెట్టండి. తర్వాత మిక్చర్ స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఎక్కడ మోత అన్నిటికంటే ఎక్కువై స్థిరంగా ఉందో అక్కడ వదలండి. మళ్ళీ ఐడ్లింగ్‌ని 1400 ఆర్‌పీఎం దగ్గరికి దించండి. స్క్రూ ముట్టుకునే ముందు అది ఎన్ని చుట్లు వదులుగా ఉందో లెక్కపెట్టి రాసుకుంటే, తేడా వస్తే వెనక్కి వెళ్ళొచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) ఇంజెక్షన్ బండ్లు, అంటే కార్బరేటర్ బదులు సెన్సర్లతో పెట్రోల్ చిమ్మేవి, పెట్రోల్‌ని గాలికి తగ్గట్టు తామే సర్దుకుంటాయి, వాటికి ఈ పని లేదు.

ట్యాపెట్ (ఇంజిన్ వాల్వ్‌ని నొక్కి తెరిచే భాగం, అక్కడ సన్నటి సందు ఉండాలి) సంగతి ఒక్క మాట. టకటక శబ్దం వినపడితే అందరూ బిగించమంటారు. కొంచెం వదులుగా ఉన్న ట్యాపెట్ శబ్దమే చేస్తుంది. మరీ బిగువైనది వాల్వ్‌ని పూర్తిగా మూసుకోనివ్వక కాల్చేస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) పెట్టి, మీ బండి పుస్తకంలోని కొలతకే సర్దే మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. వేడి ఇంజిన్ మీద చెవితో విని సర్దేవాళ్ళ దగ్గర ఈ ఒక్క పని చేయించకండి.

బండి స్టార్ట్ కాకపోతే

కిక్ కొట్టీ కొట్టీ అలిసిపోయే ముందు అర నిమిషం ఆగి చూడండి. హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉందా? పార్కింగ్‌లో పక్కవాళ్ళు జరిపినప్పుడు తగిలి ఆఫ్ అవుతుంటుంది. సైడ్ స్టాండ్ తీశారా? కొత్త బండ్లలో చాలావాటికి స్టాండ్ వేసి ఉంటే ఇంజిన్ ఆగిపోయే సెన్సర్ ఉంది. పెట్రోల్ ట్యాప్ ఆన్‌లో ఉందా? ఇంజెక్షన్ బండి పడిపోయి లేచిందా? పడినప్పుడు ఇంజిన్‌ని ఆపే సెన్సర్ పని చేసి ఉంటే, తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే పెట్రోల్, స్పార్క్, గాలి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే బలం) అనే వరుసలో వెళ్ళండి. కార్బరేటర్ అడుగున డ్రైన్ స్క్రూ వదులు చేస్తే పెట్రోల్ కారాలి. కారకపోతే ట్యాంక్ మూత తెరిచి చూడండి. అప్పుడు కారితే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. కారిన పెట్రోల్‌ని ఒక గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే, నీళ్ళు ఉంటే అడుగున వేరుగా కనపడతాయి. ఇంజెక్షన్ బండిలో తాళం తిప్పగానే పంపు రెండు, మూడు సెకన్లు గుయ్యిమని మోగాలి. మోగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత బ్యాటరీ. నిండుగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య రాకపోతే ఛార్జింగే అవ్వట్లేదు, కొత్త బ్యాటరీ కొన్నా వారంలో అదే కథ.

స్పార్క్ చూడాలంటే ప్లగ్ విప్పి, క్యాప్‌లో పెట్టి, దాని లోహపు ఒళ్ళు ఇంజిన్ హెడ్‌కి గట్టిగా తగిలేలా పట్టుకుని కిక్ కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, అక్కడి నుంచి వచ్చే పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది. నీలంగా, చిటపటమని వస్తే మంచిది. ఎర్రగా, నీరసంగా వస్తే కొత్త ప్లగ్ వేసి చూడండి. ఇవన్నీ దాటాక కూడా బండి పలకకపోతే, కిక్ ఏ అడ్డూ లేకుండా జారిపోతుంటే కంప్రెషన్ పోయింది. అది రోడ్డు పక్క తేలే పని కాదు.

ఇంకో రకం కష్టం ఉంది: చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోయి, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అవ్వడం. దీనికి కార్బరేటర్ పదిసార్లు కడిగించినా లాభం లేదు. బిగువైన ట్యాపెట్, వేడికి తెగిపోయే ఇగ్నిషన్ కాయిల్ లేదా పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సిగ్నల్ ఇచ్చేది), మూసుకుపోయిన ట్యాంక్ మూత, ఈ మూడింటిలో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. బండి ఆగిన క్షణంలోనే, చల్లారకముందే స్పార్క్ చూస్తే తప్పు కాయిల్‌దో కాదో తేలిపోతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు పార్టు పేరు చెప్పకండి, లక్షణం చెప్పండి. "అన్నా, కార్బరేటర్ పోయింది" అంటే ఆయన కార్బరేటర్ విప్పుతాడు. "అన్నా, పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతోంది, అరగంట నడిపాక మిస్సింగ్ వచ్చి ఆగిపోతోంది" అంటే ఆయన ఆలోచిస్తాడు. భాష గురించి బెంగ అక్కర్లేదు, కోలారు, చింతామణి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మెకానిక్కులు ఈ ఊళ్ళో ఎంతోమంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మార్చిన పాత పార్టు ఇవ్వమని పని మొదలుపెట్టకముందే అడగండి. విడిభాగాలు మీరే కొనాలంటే జేసీ రోడ్డులో కంపెనీ పార్టులూ, ఇతర బ్రాండ్లూ పక్కపక్కనే దొరుకుతాయి. పాత పార్టు చేత్తో పట్టుకెళ్ళి కొలత కలిపి చూసుకోండి.

వాన నీళ్ళు, నిలవ పెట్రోల్

నీళ్ళు సైలెన్సర్ మట్టం దాటితే వెనక్కి తిరగండి. అండర్‌పాస్‌లో నీళ్ళు నిలిచి ఉంటే లోతు ఎంతైనా దిగకండి. 2023 మే 21న కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి మన ఆంధ్ర అమ్మాయి ప్రాణం పోయింది. మోటార్ సైకిల్ మీద ఉన్నవాడికి ఆ కారు పాటి అడ్డు కూడా ఉండదు. నీళ్ళలో బండి ఆగిపోతే అక్కడే సెల్ఫ్ కొట్టకండి. తోసుకుంటూ బయటికి తెచ్చి, ప్లగ్ విప్పి, మెల్లగా కిక్ కొట్టి లోపలి నీళ్ళు వెళ్ళనివ్వండి. ఫిల్టర్ తడిసిందేమో చూడండి, కార్బరేటర్ డ్రైన్ చేయండి. ఇంజిన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారి ఉంటే, ఆయిల్ మార్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ ఈ20 పెట్రోల్ అమ్మకాన్ని 2023 ఫిబ్రవరి 6న ప్రారంభించింది కూడా బెంగళూరులోనే. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత బండ్లలోని రబ్బరు గొట్టాలని, ఓ-రింగులని పాడుచేస్తుంది. పాత బండి ఉంటే పెట్రోల్ గొట్టం చేత్తో నొక్కి చూడండి, పగుళ్ళు ఉన్నా, ఉబ్బినా మార్చండి. సంక్రాంతికి ఊరెళ్ళి చాలా రోజులు ఉండేట్టయితే ట్యాప్ కట్టేసి కార్బరేటర్ ఖాళీ చేసి వెళ్ళండి. ఇంజెక్షన్ బండి అయితే ట్యాంక్ నిండుగా పెట్టి వెళ్ళండి, లోపల గాలి తక్కువుంటే తేమ కూడా తక్కువే.

ఇప్పుడు మోడిఫికేషన్

ఎత్తు రోడ్లకి, ఇద్దరి బరువుకి నిజంగా ఉపయోగపడేది స్ప్రాకెట్ మార్పు. ముందు 14, వెనక 42 పళ్ళున్న సెట్ అనుకుందాం. ముందు ఒక పన్ను తగ్గిస్తే చక్రం దగ్గర లాగే బలం దాదాపు 7 నుంచి 8 శాతం పెరుగుతుంది, టాప్ స్పీడ్, మైలేజీ కొంత తగ్గుతాయి. వెనక ఒక పన్ను పెంచితే మార్పు 2 శాతం చిల్లరే. అంటే ముందు ఒకటి, వెనక మూడుతో సమానం. ఊళ్ళోనే తిరిగే బండికి వెనక రెండు పళ్ళు పెంచడం నాకు సరైన మధ్యదారిగా అనిపిస్తుంది. ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ తగ్గుతుంది, ప్లేట్లు ఎక్కువ కాలం వస్తాయి.

ఓపెన్ సైలెన్సర్, కోన్ ఫిల్టర్ (ఫిల్టర్ డబ్బా తీసేసి బయటే పెట్టేది) మాత్రం వద్దు. చిన్న ఇంజిన్ కింది ఆర్‌పీఎంలో లాగే బలం ఆ సైలెన్సర్, ఫిల్టర్ డబ్బాల కొలతల మీద ఆధారపడి ఉంటుంది. వాటిని తీసేస్తే మోత పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది, మిశ్రమం పలచబడి వాల్వ్ కాలుతుంది. ఈ ఊరి దుమ్ము నేరుగా బోర్‌లోకి, అంటే ఇంజిన్ సిలిండర్‌లోకి, వెళ్తుంది. పక్కింట్లో పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటారన్నది కూడా గుర్తుంచుకోండి. ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. సీసీ పెంచే పెద్ద బోర్ కిట్ వేయడం దాని కిందకే వస్తుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. చీర గార్డు కూడా తీయకండి. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ, వెనకవాళ్ళు పట్టుకునే పిడి ఉండాలని నిబంధన. చున్నీ, పైట చక్రంలో చుట్టుకునే ప్రమాదాన్ని ఆపేది అదే.

లైటు విషయంలో జాగ్రత్త. పాత బండికి 35 వాట్ల బల్బు ఉంటే 90, 100 వాట్లది పెట్టకండి, హోల్డర్, వైరింగ్ కరుగుతాయి. ఎల్‌ఈడీ పెట్టే ముందు మీ హెడ్‌లైట్ బ్యాటరీ నుంచి నడుస్తోందా, నేరుగా ఇంజిన్ కాయిల్ నుంచా అని చూడండి. ఇంజిన్ ఆపగానే లైటు ఆరిపోయి, ఐడ్లింగ్‌లో మసకబారితే కాయిల్ నుంచే. అలాంటి దానికి మామూలు ఎల్‌ఈడీ వెలుగుతూ ఆరుతూ కొన్నాళ్ళకే పోతుంది. ఫోన్ ఛార్జర్ కనెక్షన్ తాళం స్విచ్ తర్వాత నుంచి, చిన్న ఫ్యూజు పెట్టి తీసుకోండి. నేరుగా బ్యాటరీకి కలిపితే రాత్రంతా కొద్దికొద్దిగా లాగేస్తుంది.

మన ఊరి నంబరు ప్లేటు

ఏపీ, టీఎస్, టీజీ నంబరుతో ఇక్కడ 12 నెలలకి మించి బండి ఉంచుకుంటే 47వ సెక్షన్ ప్రకారం కర్ణాటక నంబరు తీసుకోవాలి. దానికి ముందు సొంత ఊరి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, దరఖాస్తు ఫారం 28. లోన్ మీద కొని, లోన్ తీరిపోయిన బండి అయితే బ్యాంకు నుంచి ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో ఆ పేరు తీయించుకోవడం ముందు పని. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాక, అక్కడ కట్టినదాంట్లో మిగిలిన భాగం వెనక్కి ఇమ్మని సొంత రాష్ట్రంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫారం 28 మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ అంటించాలి. చాలామంది బండి బెంగళూరులో వదిలి బస్సెక్కి ఊరెళ్తారు, అక్కడ ఆఫీసులో ఈ ప్రింట్ లేక పని ఆగిపోతుంది. స్టీరింగ్ మెడ దగ్గర నంబరు మీద మట్టి, జిడ్డు తుడిచి, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్ది, రెండు, మూడు కాపీలు తీసుకునే బయల్దేరండి.